మీత్ దగ్గరున్న తాళంచెవి

హెల్త్ పోస్టు రేకుల కప్పు మీద బోర్లా పడుకుని నర్జిత్ గర్బుజా, డిష్ వెనక కేబులుకు చుట్టిన నల్ల టేపును గోటితో ఒలుస్తున్నాడు. కత్తి వాడడు. మొన తగిలితే లోపలి రబ్బరు చీరుతుంది, వచ్చే వానాకాలం ఆ చీలికలోంచి నీళ్లు దిగుతాయి. టేపు ఊడొచ్చింది. లోపలి ఇత్తడి ముక్క కొత్తదానిలా మెరుస్తోంది. చెమ్మ లేదు, తుప్పు లేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు. మళ్లీ బిగించి, కొత్త టేపు కింది నుంచి పైకి, వాన జారిపోయేలా చుట్టాడు.

కింద వాకిట్లో పబిసరా నిలబడి ఉంది. హెల్త్ పోస్టులో పురుళ్లు పోసేది, సూదులు వేసేది, మందులిచ్చేది అన్నీ ఆ పిల్లే.

"ఏమైనా దొరికిందా దాయీ?" అని అన్నను పిలిచినట్టు అడిగింది.

"దొరికితే బాగుండేది. అన్నీ బాగానే ఉన్నాయి, అదే బాధ."

మా లాంచేబాంగ్‌లో నెల పైనుంచీ ఇదే వరస. తెల్లవారకముందే ఇంటర్నెట్ లైను పోతుంది. ఎండ కొండ మీదికెక్కాక, పదింటికి, ఎవరూ ఏమీ చెయ్యకుండానే తిరిగి వస్తుంది. పదింటికి వచ్చే లైను ఫోన్లు చేసుకోవడానికి సరిపోతుంది గానీ డాక్టరుకు సరిపోదు. బేని పట్నంలో ఉండే డాక్టరు మా ఊరికి ఇచ్చింది వారంలో ఒక్క గంట, బుధవారం పొద్దున్న ఏడింటికి, వార్డులోకి వెళ్లకముందు. హెల్త్ పోస్టులో తెర ముందు రోగిని కూర్చోబెడితే అక్కణ్నుంచి చూసి చెబుతాడు. ఐదు బుధవారాలు వరసగా ఆయన ఖాళీ తెర చూసి లేచి వెళ్లాడు. ఏటి అవతలి ఊరివాళ్లు ఆ గంట మాకివ్వండని అడుగుతున్నారట. ఇంకొక్క బుధవారం చూస్తాను, ఆ తర్వాత వాళ్లకు ఇచ్చేస్తానని పబిసరాకు కబురు పెట్టాడు. నర్జిత్ కప్పెక్కిన ఆ రోజు ఆదివారం.

నర్జిత్‌కు ఈ పని ఎవరూ నేర్పలేదు. కుర్రతనంలో మిలిటరీ పింఛనుదార్ల రేడియోలు విప్పి బిగించేవాడు. తర్వాత పాత కంప్యూటర్లు. తొమ్మిదేళ్ల కిందట ఊళ్లోకి లైను తెద్దామన్నప్పుడు బజారు నుంచి వచ్చిన ఇంజనీరు రెండు రోజులు మాట్లాడి వెళ్లిపోయాడు. నర్జిత్ ఏమీ మాట్లాడకుండా పైన భూసే ఖర్క శిఖరానికి ఎక్కి, అద్దం ముక్కతో ఎండను మూడు ఊళ్ల వైపు కొట్టి, ఏది ఎక్కణ్నుంచి కనిపిస్తుందో చూసుకుని దిగాడు. ఆ శిఖరం మీదే రిలే స్తంభం లేచింది. బేని నుంచి వచ్చిన సిగ్నల్ అక్కడ ఆగి మాకు దిగుతుంది. సోలార్ పలకలు, చెక్కపెట్టెలో నాలుగు బ్యాటరీలు, సిగ్నల్ అందుకుని పంపే రెండు రేడియోలు. అంతకంటే ఏమీ లేదు.

స్తంభం నిలబెట్టిన మూడో రోజు మంచు తుఫాను వచ్చింది. శిఖరం మీద గొర్రెల కొట్టం లాంటి టీ అంగడి నడుపుతున్న గంభీర్ ఛంత్యాల్, నర్జిత్‌ను ఇంట్లోకి తీసుకుని పొయ్యి పక్కన పడుకోబెట్టాడు. మూడు రోజులు ఇద్దరూ కలిసి తాళ్లు పట్టుకుని ఆ స్తంభాన్ని పడిపోకుండా కాచారు. ఆ వసంతంలోనే వాళ్లు మీత్ కట్టుకున్నారు, తోడబుట్టినంత స్నేహానికి మాటిచ్చుకున్నారు. పెద్దల ముందు టోపీలు మార్చుకుని, ఒకరి నొసట ఒకరు టీకా బొట్టు పెట్టారు. అప్పటి నుంచి ఒకరి పేరు ఒకరి నోట రాదు. 'మీత్‌జ్యూ' అనే పిలుపు, ఎంత కోపంలోనైనా 'మీరు' అనే మాట. ఎదురుపడితే ముందు చేతులు జోడించి వంగాలి, తర్వాతే మిగతావి. ఒకరు పోతే రెండోవాడు తోడబుట్టినవాడిలా మైల పడతాడు. మీత్ తప్పు నోటితో ఇంకొకరికి చెప్పకూడదు.

బ్యాటరీ పెట్టె తాళంచెవి అలా గంభీర్ దగ్గరికి వెళ్లింది. రోజూ పొద్దున్నే మీటరు పెట్టి చూసి, అంకె పుస్తకంలో రాయడం ఆయన పని. టీ అంగడి ఈ తొమ్మిదేళ్లలో పన్నెండు గదుల లాడ్జి అయింది.

లైను పోవడం మొదలైన వారంలోనే నర్జిత్ పైకి వెళ్లాడు. బడిలో ఉన్న అదనపు రేడియో మోసుకెళ్లి మార్చాడు, డిష్‌ను వేలెడంత అటూ ఇటూ జరిపి మళ్లీ గురి పెట్టాడు. పనంతా అయ్యాక బ్యాటరీ పెట్టె ముందు నిలబడ్డాడు. మీటరు జేబులోనే ఉంది. పొద్దున పోయి ఎండకు వచ్చేదంటే బ్యాటరీయేనని ఎవరైనా చెబుతారు. కానీ అప్పుడే గంభీర్ టీ తెచ్చాడు, ఈ పొద్దునే చూశాను మీత్‌జ్యూ, పన్నెండు పాయింట్ ఆరు, రాయిలా ఉన్నాయి అన్నాడు. మీత్ చూశానన్నదాన్ని ఎదురుగా మళ్లీ కొలవడమంటే మొహం మీద అబద్ధాలకోరు అన్నట్టే. నర్జిత్ తాళంచెవి అడగలేదు. టీ తాగి దిగొచ్చాడు. బ్యాటరీలను లెక్కలోంచి కొట్టేసి మిగతావన్నీ ఒక్కొక్కటిగా విప్పడం మొదలుపెట్టాడు.

ఆ ముందురోజు, శనివారం, ఆమా సమూహం అంటే ఊరి తల్లుల సంఘం మీటింగులో ఈ విషయమే వచ్చింది. ఆ బ్యాటరీలు వాళ్ల సొత్తు. పోయినేడు తిహార్ పండక్కి అరవయ్యేళ్లవాళ్లు కూడా ఇంటింటికీ తిరిగి ఆడి పాడి కూడబెట్టిన డబ్బుతో కొన్నవి. సమూహానికి పెద్ద తులీమాయా దీదీ ఊరుకునే మనిషి కాదు.

"నీ డబ్బాలు పొద్దున్నే లేవవేం భాయీ? మా ఇంటాయనలాగా రక్సీ తాగి పడుకుంటున్నాయా?"

అందరూ నవ్వారు. నర్జిత్ కూడా నవ్వాడు. తర్వాత ఆమె నవ్వకుండా అడిగింది, తొమ్మిదేళ్లు బాగా నడిచినది ఇప్పుడే ఎందుకు చెడింది, బిగించిన చేతిలో తేడా ఉందా అని. ఆ మీటింగుకు గంభీర్ కూడా పుస్తకం తీసుకుని దిగొచ్చాడు. నర్జిత్ పక్కనే కూర్చున్నాడు. ఆయనే జవాబిచ్చాడు, మెల్లగా, జాలిగా. మా మీత్‌జ్యూకు వయసు మీద పడుతోంది దీదీ, చూపు మునుపటిలా ఆనడం లేదు, చిన్న చిన్న స్క్రూలు కదా. నర్జిత్ తల వంచుకుని తన వేళ్ల వైపు చూసుకున్నాడు. మేమందరం కూడా ఆ వేళ్లనే చూశాం. నిజమేనేమోనని నర్జిత్ కూడా అనుకున్నాడని తర్వాత తెలిసింది. అందుకే ఆదివారం రేకుల మీద ఆ ఇత్తడి ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

కప్పు దిగి చేతులు కడుక్కున్నాక పబిసరా మొక్కజొన్న పేలాలు, టీ ఇచ్చింది. మీటింగు తర్వాత గంభీర్ అక్కడ వదిలివెళ్లిన పుస్తకం బల్ల మీదే ఉంది. నర్జిత్ టీ చల్లారేదాకా దాన్ని తిరగేశాడు. దశైఁ పండగ తర్వాతి రోజు నుంచి మొదలుపెట్టి వేలు కిందికి జరిపాడు. పన్నెండు పాయింట్ ఆరు. పన్నెండు పాయింట్ ఆరు. నలభై రోజులు అదే అంకె, ఒకే సిరాతో, ఒకే వాలుతో.

"కార్తీకంలో మూడు రోజులు ముసురు పట్టింది గుర్తుందా?" అని అడిగాడు.

"ఎందుకు లేదు? బట్టలు ఆరక పొయ్యి మీద పట్టుకున్నాను."

"మూడు రోజులు ఎండ లేకపోతే ఏ బ్యాటరీ అయినా దిగుతుంది. ఇవి దిగలేదు."

పబిసరా పుస్తకం తనవైపు తిప్పుకుని చూసింది. "అంటే మీ మీత్‌జ్యూ చూడకుండా రాశారా?"

నర్జిత్ పుస్తకం మూసి సంచీలో పెట్టుకున్నాడు. టీ అలాగే వదిలేసి లేచాడు.

సోమవారం పొద్దున్నే బరువులు మోసే నామ్లో పట్టీ, మీటరు, యాసిడ్ చిక్కదనం చూసే గాజు గొట్టం తీసుకుని ఎక్కాడు. నాలుగు గంటల దారి. ఆ రోజు పైన జరిగింది మాకు మీతినీ చెప్పింది, అంటే గంభీర్ భార్య, చాలా రోజుల తర్వాత.

నర్జిత్ చేతులు జోడించి వంగాడు. గంభీర్ వంగాడు. నర్జిత్ తాళంచెవి ఇవ్వమన్నాడు. తొమ్మిదేళ్లలో అడగడం అదే మొదటిసారి. గంభీర్ టీ తాగాక చూద్దామన్నాడు. నర్జిత్ నిలబడే ఉన్నాడు. కాసేపటికి తాళంచెవి గోడ మీది మేకు నుంచి దిగింది.

పెట్టెలో నాలుగు ఉన్నాయి. నాలుగింటి మీదా ఆమా సమూహం ఎర్ర కాగితం అంటించి ఉంది. రెండిటి మీద కాగితం అంచులు ముడతలు పడ్డాయి, ఊడదీసి మళ్లీ అంటించినట్టు. నర్జిత్ తీగలు విప్పి ఒక్కోదాన్నీ విడిగా కొలిచాడు, బల్బు తగిలించి మళ్లీ కొలిచాడు. రెండు నిలబడ్డాయి. రెండు బల్బు వెలగగానే కూలబడ్డాయి. ఆ రెండూ మిగతా రెండిటి బలాన్ని రాత్రంతా తాగేస్తున్నాయి. కొత్త బ్యాటరీ బిగించేటప్పుడు పిడి అడుగున మేకుతో నెల, సంవత్సరం గీయడం నర్జిత్ అలవాటు. ఆ రెండిటి పిడి కింద వేలు పెట్టి తడిమాడు. నున్నగా ఉంది.

లాడ్జి వంటింట్లోకి నడిచాడు. పెద్ద బల్ల మంచం కింద, గోనెపట్టా కప్పి, ఆయన గీతలున్న రెండు బ్యాటరీలు ఉన్నాయి. పైన గోడకు వరసగా ఇరవై ప్లగ్గులు. కొండెక్కి వచ్చే విదేశీయుల ఫోన్లు వాటికి వేలాడుతున్నాయి.

"ఎప్పుడు మార్చారు మీత్‌జ్యూ?"

గంభీర్ పొయ్యి వైపు చూస్తూ, దశైఁ వెళ్లాక అన్నాడు. తనవి పాతబడి చచ్చిపోయాయని, సీజను నిండుగా ఉందని, చార్జింగు లేదంటే వచ్చినవాళ్లు కిందున్న వేరే లాడ్జికి పోతున్నారని, చలి ముదిరి జనం తగ్గగానే ఎవరికీ తెలియకుండా మళ్లీ పెట్టేద్దామనుకున్నానని చెప్పాడు. లైను పదింటికైనా వస్తోంది కదా అన్నాడు.

"నన్నడిగితే పాతవాటికి ప్రాణం పోసేవాణ్ని. లేకపోతే నా ఇంట్లోవి మోసుకొచ్చి ఇచ్చేవాణ్ని."

"అడగడానికి మొహం చెల్లలేదు."

"మీటింగులో నా చూపు ఆనడం లేదని చెప్పడానికి చెల్లింది."

"వాళ్లు మిమ్మల్ని ఏమీ అనకుండా ఉండాలనే అలా అన్నాను మీత్‌జ్యూ. వయసైందంటే జాలిపడతారు కదా."

నర్జిత్ గోనెపట్టాను మడిచి పక్కన పెట్టాడట. ఆ తర్వాత అన్నది ఒక్కటే మాట. "నేను నెల రోజులు నా చేతుల్నే అనుమానించాను. మీ మాటను మాత్రం అనుమానించలేదు." గొంతు పెంచలేదు, 'మీరు' దాటలేదు. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేదని గంభీర్ ఆ సాయంత్రం భార్యతో అన్నాడట.

బ్యాటరీ ఒక్కొక్కటీ మనిషంత బరువు. నేల మీద కూర్చుని నామ్లో పట్టీ నుదుటికి తగిలించుకున్నాక, వెనక నుంచి ఒకరు ఎత్తితే తప్ప లేవలేరు. నర్జిత్ కూర్చున్నాడు. సాయం రమ్మనలేదు, వద్దనలేదు. గంభీర్ వెనకవైపు చేరి ఎత్తాడు. రెండోసారి కూడా అలాగే. లాడ్జి నుంచి పెట్టె దాకా ఉన్న వంద అడుగుల మెట్లు, నర్జిత్ ముందు, గంభీర్ వెనక, రెండుసార్లు ఎక్కారు. మీతినీ వండిన ఢిఁడో సంకటి గిన్నెలో చల్లారిపోయింది.

నర్జిత్ నాలుగూ బిగించి, తీగల కొసలు బేకింగ్ సోడా నీళ్లతో కడిగి, గ్రీజు రాశాడు. గాజు గొట్టంతో బ్యాటరీల ప్రతి గదిలోనూ చూసి, తగ్గినచోట శుద్ధమైన నీళ్లు పోశాడు. ఫోనులో రేడియో సెట్టింగులు తెరిచి దానికి తగులుకున్న పరికరాల జాబితా చూశాడు. లాడ్జివి ముప్పై నాలుగు. వాటిని తెంచెయ్యలేదు. రాత్రి తొమ్మిదింటికి వాటంతట అవే తెగి, పొద్దున్న తొమ్మిదింటికి కలిసేలా పెట్టాడు. మంగళవారమంతా అక్కడే ఉండి ఎండ ఎంత ఎక్కుతోందో గంట గంటకూ రాశాడు. పొద్దువాలకముందే తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని దిగాడు. వెళ్లేటప్పుడు గంభీర్ చేతులు జోడించాడు. నర్జిత్ కూడా జోడించాడు. వంగాడు కూడా. కళ్లు మాత్రం ఎత్తలేదు.

బుధవారం ఆరున్నరకే హెల్త్ పోస్టు అరుగు నిండింది. కాలి పుండు మానని హస్తామన్ బూఢాను అల్లుడు వీపున మోసుకొచ్చాడు. తులీమాయా దీదీ సమూహంలో సగం మందిని వెంటబెట్టుకొచ్చింది. నర్జిత్ బల్ల ముందు కూర్చుని లైను చూస్తున్నాడు. తెల్లవారుజామున కూడా పోలేదు. ఏడుకు రెండు నిమిషాలప్పుడు డాక్టరు మొహం తెర మీదికి వచ్చింది, తడి జుట్టుతో. పబిసరా హస్తామన్ కాలి కట్టు విప్పడం మొదలుపెట్టింది. నర్జిత్ కెమెరాను కాస్త కిందికి వంచి, పుండు సరిగా కనబడుతోందా అని డాక్టరునడిగి, కుర్చీ ఖాళీ చేశాడు.

బయటికి రాగానే తులీమాయా దీదీ పట్టుకుంది.

"ఇంతకీ రోగమేమిటి భాయీ? చెప్పవేం?"

ఆయన నోరు విప్పలేదు. సంచీలోంచి పుస్తకం తీసి, నలభై పన్నెండు పాయింట్ ఆరుల కింద తను రాసిన పేజీ తెరిచి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, పైకి వినబడకుండా చదివింది.

"సోమవారం. పెట్టెలో రెండు చచ్చిన బ్యాటరీలు ఉన్నాయి. సమూహం బ్యాటరీలు రెండు లాడ్జి వంటింట్లో ఉన్నాయి. తెచ్చి బిగించాను. తీగలు కడిగాను. మంగళవారం ఎండ బాగుంది. లైను నిలబడింది. నర్జిత్ గర్బుజా."

రెండోసారి కూడా చదివింది. శనివారం తను అన్నది గుర్తొచ్చిందేమో, ఆయన వేళ్ల వైపు చూసి చూపు తిప్పుకుంది. ఎవరు తీశారని అడగబోయి, అడగలేదు. ఆ శిఖరం మీద పెట్టె పక్కనే ఉన్న లాడ్జి ఒక్కటే. ఆయన ఎందుకు నోటితో చెప్పలేదో కూడా ఆమెకు తెలుసు.

"తాళంచెవి ఎవరి దగ్గరుంటుందిక?"

నర్జిత్ జేబులోంచి తాళంచెవి తీసి పుస్తకం మీద పెట్టాడు. వారానికొకరు పైకెక్కి కొలవాలని, మీటరు ఎలా పట్టుకోవాలో ఎవరెవరికి నేర్పాలో సమూహంవాళ్లే పేర్లు రాసివ్వాలని చెప్పాడు. ఆమె తాళంచెవిని నడుముకు చుట్టిన పటుకా మడతలో దోపుకుని, పుస్తకం చంకలో పెట్టుకుంది.