మా తమ్ముడి తొంభై రోజులు

పోయినవి ముందు రాస్తాను. ఎకరంన్నర తరి పొలం. రెండెద్దులు. ఒక సైకిలు. మా మరదలి మెడలోని బంగారు గుండ్లు. మార్కెట్ కాంటా దగ్గర పదకొండేళ్ల పని. చివరికి మనిషి. ఇవన్నీ మా తమ్ముడు మల్లయ్య తాగిన సారాలో పోయాయి. ఇందులో దయ్యాల పనేమీ లేదు. దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. చదివింది మూడో తరగతే అయినా, కేసముద్రం మార్కెట్లో బస్తాలు లెక్కపెడుతూ కూడికలు, హెచ్చవేతలు నాకు నేనే నేర్చుకున్నాను. లెక్కకు రానిదాన్ని నమ్మే అలవాటు నాకు లేదు. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఎనభైల మొదట్లో మరదలు లచ్చమ్మ బిడ్డను తీసుకొని స్టేషన్ ఘన్‌పూర్‌లోని తల్లిగారింటికి వెళ్లిపోయింది. పోతూ నాతో అంది: "తొంభై రోజులు తాగకుంట ఉండుమను బావా. తొంభై ఒకటోనాడు నేనే వస్త. ఒక్క రోజు తక్కువైనా రాను."

పసరు తాగించాం, తాయెత్తు కట్టించాం, ఒట్లు పెట్టించాం. ఏదీ పనిచేయలేదు. దవాఖానలో ఒక నర్సమ్మ చెప్పింది: హన్మకొండ సుబేదారిలో ఒక చర్చి వెనక గదిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం తాగుడు మానాలనుకునేవాళ్లు కూర్చుంటారని. మందు లేదు, ఫీజు లేదు. మొదటి ఆదివారం వేరే చర్చికి పోయి, ఎవరిదో పెళ్లిలో అన్నం తిని వచ్చాం. రెండోసారి దొరికింది.

పదిమందికి మించి ఉండేవారు కాదు. రిటైరైన పంతులు సామ్యూల్ సార్ నడిపేవాడు. ఒక్కొక్కరు లేచి పేరు, తాగక ఎన్ని రోజులైందో చెప్పాలి. అంతే. నాకు అంకెలు వచ్చని సార్ రిజిస్టరు నా చేతికిచ్చాడు.

మల్లయ్య లేచి "లాభం" అన్నాడు. బస్తాలు లెక్కపెట్టేటప్పుడు మేం ఒకటి అనం, లాభం అంటాం. పక్కనున్న రిక్షా ఆయన నవ్వాడు. "ఇల్లు ముంచుకోని లాభమేందిర తమ్మీ!" మల్లయ్య కూడా నవ్వాడు. వాడు నవ్వగా చూసి చాలా కాలమైంది.

తర్వాతి ఆదివారాలు ఎనిమిది, పదిహేను, ఇరవై రెండు, ఇరవై తొమ్మిది, ముప్పై ఆరు. అన్నీ నా చేత్తోనే రాశాను.

నలభై ఒకటో రోజు శుక్రవారం. మా నాయన సంవత్సరీకం. పెద్దల పేరున నేల మీద సారా సాక పోసి, దొప్పలో మిగిలింది కొడుకులు నోట పెట్టుకోవడం మాలో ఆనవాయితీ. మల్లయ్య వెనక్కి జరిగాడు.

"నాకొద్దే అన్నా. సార్ ఒక్క చుక్క గూడ వద్దన్నడు."

"నాయిన కంటె నీ సారు ఎక్కువైండా?" అంది మేనత్త. అందరూ నావైపు చూశారు.

"నాలికకు అంటిచ్చుకోరా. చుక్క లెక్కల రాదు" అన్నాను. లెక్కలు తెలిసిన నేనే అన్నాను.

ఆ సాయంత్రం నుంచి వాడు ఆగలేదు. ఆదివారం పోదాం రమ్మంటే తలుపు తీయలేదు. "మల్ల లాభం అని చెప్పాల్నా అన్నా?" అన్నాడు లోపలి నుంచి. నాలుగు నెలలకు కడుపు ఉబ్బి దవాఖానలో పోయాడు.

నేను మాత్రం ఆదివారాలు మానలేదు. నా చేతిలో మిగిలిన పని అదొక్కటే.

మరో రెండు నెలలకు హన్మకొండలోనే ఉండే రాజయ్య అనే దర్జీ కొత్తగా వచ్చాడు. కేసముద్రం ఎన్నడూ చూడలేదు, మల్లయ్య ఎవరో తెలియదు. ముందు రోజు తాగిన వాసన ఇంకా వస్తోంది. వంతు రాగానే లేచాడు.

"రాజయ్య. నలభై మూడు."

నా కలం ఆగిపోయింది. ముప్పై ఆరుకు ఏడు కలిపితే నలభై మూడు. మల్లయ్య ఆ ఆదివారం చెప్పాల్సి ఉండి, చెప్పలేకపోయిన అంకె.

"నిన్న తాగినోనివి, నలభై మూడేందయ్యా?" అన్నాడు సార్.

దర్జీకి కోపం వచ్చింది. "నేను ఒకటి అన్న సార్. నలభై మూడు ఎవలన్నరు?"

ఆ రోజు గదిలో ఆయన కాక ఎనిమిది మందిమి. తర్వాత ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. అందరూ నలభై మూడే విన్నారు.

మరుసటి ఆదివారం యాభై వినిపించింది. తర్వాత యాభై ఏడు, అరవై నాలుగు, డెబ్బై ఒకటి, డెబ్బై ఎనిమిది, ఎనభై ఐదు. గొంతు దర్జీదే, తేడా ఏమీ లేదు. ఆయన మాత్రం ఎనిమిది అన్నాననీ పదిహేను అన్నాననీ వాదించేవాడు. రిజిస్టరులో రెండూ పక్కపక్కన రాశాను. కింద సార్ సంతకం ఉంది. ఆ రోజుల్లో దర్జీ చుక్క ముట్టలేదు.

మేం ఎనభై ఐదు విన్న ఆదివారం ఆయన సొంత లెక్క నలభై మూడు. మల్లయ్య పడిపోయిన చోటును ఆయన దాటాడు. ఆ పై ఆదివారం యాభై అన్నాడు. మాకూ యాభైయే వినిపించింది. మళ్లీ ఎప్పుడూ తేడా రాలేదు.

స్టేషన్ ఘన్‌పూర్ పోయి లచ్చమ్మకు చెప్పాను. ఏడవలేదు, అబద్ధమనీ అనలేదు.

"అంత దూరం వచ్చినోడు, ఇంక జరసేపు ఉండకపాయె బావా. మీరన్న ఉండుమని అడగకపోతిరి."

ఎవరిని అడగాలి? నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

ఆ గదిలో తర్వాత తొంభై చాలామంది చెప్పారు. నేను ప్రతిసారీ తలెత్తి చూశాను. అవి వాళ్ల తొంభైలు. మల్లయ్యవి ఇంకా ఐదు రోజులు బాకీ ఉన్నాయి.