పేరు చెప్పిన చోట గిటారు

కాశీనాథం సిద్దిపేటలో పెళ్ళి వీడియోలు తీసేవాడు. నాది పక్కనే రేడియోలు బాగుచేసే దుకాణం. తొంభై మూడులో మా వీధికి డిష్ కనెక్షన్ వచ్చాక, విదేశీ రాక్ పాటలు చూసి అతనికి పిచ్చెక్కింది. ఒక్కో పాటను రికార్డు చేసుకుని, ఆపి ఆపి చూసేవాడు.

"పాడెటోని మొకం రెండు సెకండ్లు గూడ ఉంచుతలేరు సూడు. బొమ్మ నిలవడితే జనం ఆలోచిస్తరు. ఆలోచించనీయొద్దు. గొంతు ఎవనిదైతేంది, పెదవి కదిలితే సాలు, కన్నే అతికిస్తది," అని నాకు పాఠం చెప్పేవాడు. నేను నోరెళ్ళబెట్టి వినేవాణ్ణి. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

ఆ పాఠాన్ని మొదట నేతపనివాళ్ళయిన నాగేశం, కన్యకల పెళ్ళి మీద ప్రయోగించాడు. అసలు మాటలన్నీ తీసేసి గిటారు పెట్టాడు. తాళం దెబ్బ దెబ్బకీ బొమ్మ మార్చాడు. పెళ్ళిలో తీసిన అసలు క్యాసెట్ మీద మరుసటి వారమే ఇంకో పెళ్ళి ఎక్కించాడు. ఆ రోజుల్లో అందరూ చేసేదే. చూసినవాళ్ళంతా భలే ఉందన్నారు.

నాగేశం బొంబాయి దగ్గర భీవండికి, మరమగ్గాల పనికి పోయాడు. పెళ్ళయిన ఏడో నెలలో అక్కడే కరెంటు షాకు కొట్టి చచ్చిపోయాడు. కన్యకకు అప్పటికి ఇరవై ఏళ్ళయినా నిండలేదు.

కర్మలన్నీ అయిన కొన్నాళ్ళకు కన్యక తన పెళ్ళి క్యాసెట్ పట్టుకుని కాశీనాథం దగ్గరికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"అన్నా, ఆయన గొంతు యాదికొస్తలేదు. గడప కాడ నా పేరు జెప్పిండు గదా, గా మాటొక్కటి వినిపియ్యి. పక్కింటోళ్ళ టీవీ సక్కగ లేనట్టుంది, పాటొక్కటే వస్తుంది."

మా వైపు కొత్త జంటను ఆడబిడ్డలు గడప దగ్గర ఆపి, ఒకరి పేరు ఒకరు చెబితే గానీ లోపలికి రానివ్వరు. నాగేశం ఆమె పేరు పలికింది ఆ ఒక్కసారేనట. తర్వాత ఎప్పుడూ "ఇగో" అనే పిలిచాడట.

కాశీనాథం మొహం పాలిపోయింది. క్యాసెట్ పెట్టాడు. గడప దగ్గర నాగేశం సిగ్గుపడుతూ నోరు తెరిచాడు. గిటారు మోగింది. నోరు మూసేలోపే తెర మీదికి బ్యాండువాళ్ళు వచ్చారు.

"మల్ల పెట్టన్నా," అంది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ గిటారే.

మూడోసారి కాశీనాథం టీవీ సౌండు పూర్తిగా తగ్గించి, ఆమె వెనక నిలబడ్డాడు. నాగేశం పెదవి కదిలే వేళకు సరిగ్గా, మెల్లగా, "కన్యక" అన్నాడు.

ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు.

"గది నీ గొంతన్నా," అంది.

క్యాసెట్ తీసుకుని, కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది.