నెర్రెల కంటె

మా ముత్తాత పదకొండు ఊళ్లకు దేశ్‌ముఖ్. చివ్వెంల చుట్టుపక్కల ఏ పంచాయితీ అయినా మా గడి అరుగు మీదే తెగేది. మా తాత ఎవరి వాకిట్లోనూ గుర్రం దిగి ఎరుగడు. నేను ఇప్పుడు సూర్యాపేటలో కిరాయి ఇంట్లో ఉంటున్నాను. అయినా నన్ను పలకరించేవాళ్లు పలకరించవలసిన తీరులోనే పలకరిస్తారు.

తాత తమ్ముడి ప్రస్తావన మాత్రం మా ఇంట్లో వచ్చేది కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏళ్లలో ఆయన బొంబాయి వెళ్లి శిల్పం నేర్చుకున్నాడు. కొన్నాళ్లకు రాయిని వదిలి బంగారం పట్టాడు. దేశ్‌ముఖ్ బిడ్డ కుంపటి ముందు కూర్చుని గొట్టం ఊదుతున్నాడని తెలిసిన రోజు నుంచి ఆయనకు మా గడప మూసుకుపోయింది. బొంబాయిలో ఆయన నగల కోసం గొప్పవాళ్లు నెలల తరబడి ఎదురుచూసేవారట. ఇంటికి పంపినవాటిని మావాళ్లు మెరుగు కూడా పెట్టని సగం పని అనుకున్నారు. ఒక్కొక్కటే కరిగించి గాజులు చేయించుకున్నారు.

ఒక్కటి మిగిలింది. మా మేనత్త పెళ్లికి ఆయన చేసి పంపిన కంటె. అత్తమ్మ కోదాడలో ఉంటుంది. దాని గురించి వినడమే గాని నేను చూడలేదు. పోయిన మాఘంలో ఆమె ఫోన్ చేసింది.

“మనుమరాలి లగ్గం పెట్టుకున్నం. కంటె కరిగించి హారం చేపిస్తున్న. రేపు మిర్యాలగూడ పోవాలె, నువ్వు రా.”

పుట్టింటి నుంచి వచ్చిన బంగారాన్ని కరిగిస్తే, పుట్టింటి మగవాడు కుంపటి దగ్గర నిలబడి చూడడం మా వంశంలో రివాజు. కాబట్టి వెళ్లాను.

కోదాడలో బస్సెక్కాం. హుజూర్‌నగర్ దాటాక అత్తమ్మ ఒడిలోని మూట విప్పింది. చెరువు ఎండినప్పుడు నేల నెర్రెలు బాసి పలకలు పలకలుగా లేస్తుంది చూడండి, అలా ఉంది ఆ కంటె. ప్రతి పలకా అంచున కొద్దిగా పైకి వంకర తిరిగి ఉంది. నెర్రెల లోపల బంగారం ఎర్రగా, నున్నగా, తడిగా ఉన్నట్టు మెరుస్తోంది. పైన కావాలనే గరుకు. ఇది సగం పని కాదు! ఆయన మా చెరువునే తీసుకెళ్లి మెడకు చుట్టాడు.

“అత్తమ్మా, దీన్ని కరిగించొద్దు.”

“మరేం జేయాలె? పెళ్లినాడు మీ తాత దీన్ని సూసి పెట్టెల ఏసి తాళం పెట్టిండు. ఎవరు జేసిన్రని అడిగితే సెప్పుకోను సిగ్గని. నేను ఒక్కనాడు ఏసుకోలే.”

“ఇది మన ఇంటి పనితనం.”

“గట్లనా? సిన్నబాపు పేరెత్తితే అన్నం ముందల్నుంచి లేసిపోయేటోళ్లు మనోళ్లు. ఇప్పుడు పనితనమొచ్చిందారా నీకు?”

బస్సు ఎంత నెమ్మదిగా వెళితే అంత బాగుండుననిపించింది. అది మాత్రం ఎన్నడూ లేనిది సమయానికే మిర్యాలగూడ చేరింది.

బంగారం కరిగించే దుకాణంలో మంట అప్పటికే నీలంగా మండుతోంది. దుకాణదారు కంటెను తూకం వేసి, పట్టకారుతో ఎత్తి మంట మీది మూస వైపు తీసుకెళ్లాడు. నాకు తెలియకుండానే నా చెయ్యి అడ్డం వెళ్లింది.

“పెద్దాయనా, జర పక్కకుండున్రి. సెయ్యి కాలుతది.”

“కాలనివ్వు. ముందు దాన్ని కింద పెట్టు.”

దుకాణంలో అందరూ ఇటు తిరిగారు. అత్తమ్మ నడుము మీద చెయ్యేసుకుంది.

“నిన్ను సూడనీకి పిలిసిన్నా, ఆపనీకి పిలిసిన్నా? మొగోడివి, కంటె నీకెందుకురా? మెడల ఏసుకొని ఊరేగుతవా?”

“అవసరమైతే ఊరేగుతాను.”

ఆమెకు నవ్వాగలేదు. దుకాణదారు కూడా నవ్వి పట్టకారు దించాడు. నవ్వు తగ్గాక ఆమె గొంతు మారింది.

“పొల్ల మెడ బోసిగుంటే మొగపిల్లగానోళ్లు ఊకుంటరా? ఎత్తుకు ఎత్తు బంగారం పెట్టు, తీస్కపో. శుక్కురారం దాకా ఆగుత. ఆ తర్వాత నన్ననొద్దు.”

వీధిలోకి వచ్చి మా ఆవిడకు ఫోన్ చేశాను. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఆమెకు సగమే అర్థమై ఉంటుంది.

“మన ఇంట్ల అంత బంగారం ఏడున్నదండీ?”

“లేదు.”

“మరి?”

“నువ్వు దీన్ని చూడాలి. ఒక్కసారి చూడాలి.”

ఆమె అంది: “మీ గొంతు ఇట్ల ఉండంగ నేనెన్నడు వినలే. సరే, మాటిచ్చి రాండ్రి.”

శుక్రవారం పొద్దున్నే ఎత్తుకు ఎత్తు కొత్త బంగారం అత్తమ్మ చేతిలో పెట్టాను. ఆమె దాన్ని కళ్లకద్దుకుని కంటె ఇచ్చింది. పెళ్లికి మా ఆవిడ దాన్ని పెట్టుకుని వచ్చింది. ఆడవాళ్లు చుట్టూ మూగారు. కొందరు వేలితో నెర్రెలు తడిమి, ఎక్కడ చేయించారని అడిగారు. ప్రతిసారీ నేనే ముందుకు వెళ్లి, మా చిన్నతాత తన చేతులతో చేశాడని చెప్పాను. నాలుగోసారికి అత్తమ్మ కూడా నా పక్కకొచ్చి, “మా సిన్నబాపే” అంది.

ఆ బంగారం కోసం మాడుగులపల్లి దగ్గర మాకు మిగిలిన రెండెకరాల తరి పొలం అమ్మాను.