తడి జడ

నా అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులూ ఉంటాయి. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, మన్నించి చదవండి. మా మేడం పోయిన సోమవారం కన్నుమూశారు. ల్యాబులో అందరూ ఆమెను తలచుకుంటూ ఒక పుస్తకంలో రాస్తున్నారు. నా వంతు కాగితం ఇది.

పెళ్లయి బెంగళూరు పక్కన జిగణి వచ్చిన ఏడాదికి మా ఆయన నన్ను ఆ బ్యాటరీల ల్యాబులో సహాయకురాలిగా చేర్పించారు. నలుగురిలో నాకు మాట పెగిలేది కాదు. మేడం మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని నల్లపొడి చూపించేవారు.

"ఛార్జి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఈ పొడిలో ఒక్కో గింజ ముడుచుకుంటాది, ఉబ్బుతాది. అట్లా చేసి చేసి పగుల్తాది. పైన పలచగా పూత వేస్తే ఎక్కువ నాళ్లు ఓర్చుకుంటాదేమో. అదేనమ్మా మన పని."

టీ వేళ బిస్కెట్ విరిచి, పెద్ద ముక్క నాకిచ్చేవారు.

ఆ పొడికి తేమ పడదు. దాన్ని వాడే గదిలోకి తడి జుట్టుతో వెళ్లకూడదు. తెలిసీ ఒక శుక్రవారం తలంటుకుని, ఆలస్యమైతే ఏమంటారోనన్న భయంతో, ఆరని జడను టోపీలో దోపుకుని వెళ్లాను. ఆ రోజు చేసిన బ్యాటరీలు కొద్ది రోజులకే నీరసించాయి. మేడం తన పూతలోనే లోపముందనుకున్నారు. రెండేళ్ల పని అది.

"వదిలేద్దామప్పా, వేరేది చూద్దాం" అని ఇన్‌ఛార్జి సారుతో అంటుంటే విన్నాను.

ఆ మధ్యాహ్నం భోజనం దగ్గర ఏడుస్తూ చెప్పేశాను. ఆమె ముద్ద చేతిలోనే పట్టుకుని నన్ను చూశారు.

"తల తడుపుకుంటే తడుపుకున్నావు. ఇన్ని దినాలు నోరెందుకే ఎండబెట్టుకున్నావు?"

"పనిలోనుంచి తీసేస్తారని, మేడం."

"తీస్తే నన్ను తీయాల. తేమ మీటరు చూడాల్సింది నేను కదా. తిను, చారు చల్లారతా ఉండాది."

నోటుబుక్కులో, "తేమ చూసుకోలేదు, పొరపాటు నాది" అని రాసి తన సంతకం పెట్టారు. మళ్లీ మొదటినుంచి చేశాం.

మొన్న సంతాపసభలో ఒకాయన, "మేడం అంతటివారు కూడా ఒకసారి తేమ సంగతి మరిచారు" అని నవ్వాడు. అక్కడ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. ఆ తప్పు నాది. ఆమెది కాదు.

చదివి కాల్చేయమని ఇక్కడ రాశాను, మళ్లీ కొట్టేశాను. కాల్చకండి. పుస్తకంలోనే అంటించండి.

రెండోసారి చేసిన బ్యాటరీలు ఇంకా నడుస్తున్నాయి. ఎన్నిసార్లు ఛార్జి ఎక్కి దిగాయో చూపే అంకె తెరమీద మారినప్పుడల్లా చెబుదామని పక్కకు తిరుగుతాను. కుర్చీకి ఆమె స్వెట్టరు వేలాడుతూ ఉంటుంది. మోచేతుల దగ్గర ఆ వంపు ఇంకా పోలేదు, చేతులు అందులోనే ఉన్నట్టు.