మదార్‌బీ తొడిగిన గాజు

మదార్‌బీకి మనుషులు చేతులతోనే గుర్తు. దొరవారిసత్రం చుట్టుపక్కల పల్లెల్లో గాజుల బుట్ట నెత్తిన పెట్టుకుని తిరిగే ఆవిడ, అరుగు మీద కూర్చోగానే ఎదుటి చేతిని ఒళ్లోకి లాక్కుంటుంది. బొటనవేలు లోపలికి మడిచి, మెత్తగా నలుపుతూ ఊళ్లో కబుర్లు చెబుతుంది. కబురు పూర్తయ్యేసరికి గాజు మణికట్టు మీదుంటుంది. అరవై రెండో సంవత్సరం వానల్లో పులికాట్ సరస్సు ఒడ్డున, ఏదో నక్షత్రం నుంచి వచ్చిపడ్డ ప్రాణి కనిపించినప్పుడూ ఆవిడ చూసింది చేతులే. ఆరున్నాయి. నీలంగా, ఎముకల్లేకుండా, తామరతూడుల్లా వణుకుతున్నాయి. ఒక్కదానికీ గాజు లేదు. "నీకెవురూ లేరా తల్లీ?" అంటూ ఒక చేతిని పట్టుకుంది. అప్పట్నుంచీ వారం వారం అది దాక్కున్న మొగలిపొదల్లోకి వెళ్లి గంజి పోసేది. అది ఆవిడ బుట్ట మోసి బురద దాటించేది, కబుర్లకు తుమ్మెదలా సన్నగా ఊఁ కొట్టేది. గాజులు మాత్రం నిలిచేవి కావు. ఎక్కించినవి ఎక్కించినట్టే జారిపోయేవి.

ఒక సాయంత్రం సరస్సు మీదికి పచ్చటి వెలుగొకటి దిగింది. ఆ ప్రాణి ఆరు చేతులూ అటు చాపింది.

"నీవోళ్లొచ్చినారా? పో తల్లీ. అయితే బోసి చేతుల్తో ఎట్టా పంపేది?" అంటూ మదార్‌బీ ఇసుకలో చతికిలబడింది. ఎర్రగాజు ఒకటి తీసి, ఒక చేతిని ఒళ్లోకి లాక్కుని, ఊళ్లో కామాక్షమ్మ కోడలి కబురు మొదలుపెట్టింది. గాజు ఎప్పట్లాగే జారబోయింది. ఇంతలో ఆవిడ వేళ్ల కింద ఏదో గట్టిగా ఉబికింది. ఎముకే లేని ఆ చేతిలో చిన్న మణికట్టు లేచి నిలబడింది. గాజు ఆగింది.

మదార్‌బీ కబురు ఆపేసింది. మిగతా ఐదు చేతులూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చి ఆవిడ ఒళ్లో వాలాయి.