మా పక్కింటి ఫిట్టర్ పెద్దమ్మ

పోయిన ఆదివారం ప్రార్థనకు గుడికి బయలుదేరుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "పెద్దమ్మ పోయింది బిడ్డా. జల్దీ రా." ఖానాపురం హవేలిలోని కిరాయి గదికి తాళం వేసి కొత్తగూడెం బస్సెక్కాను.

ఆమె మాకు చుట్టం కాదు. బొగ్గుబాయి క్వార్టర్లలో మా గోడకు అవతల ఉండేది. కొళాయి కారినా, మోటరు మొరాయించినా గల్లీ అంతా ఆమెనే పిలిచేది. వచ్చి ముందు చెవి పెట్టి వినేది. తరువాతే పానా అందుకునేది.

పెళ్లికి ముందే ఐటీఐలో ఫిట్టర్ కోర్సు చదివింది. ఆమె భర్త, మా పెద్దనాన్న, బాయిలో పనిచేసేవాడు; ఊపిరితిత్తులు పాడై ఇక పనికి పంపలేమని కంపెనీ డాక్టర్లు అన్నప్పుడు ఆయన ఉద్యోగం ఆమెకు వచ్చింది. ఆమెతో పాటు చేరిన మగవాళ్లు వర్క్‌షాపుకు వెళ్లారు. ఆమెను ఆఫీసులో టీ పెట్టమన్నారు.

మా దగ్గర అది ఎవరికీ వింతగా తోచలేదు. ఆడమనిషికి కొలువొస్తే చేతికి చీపురో, టీ గిన్నెనో ఇవ్వడం అలవాటు. "నీడపట్టు పని, ఇంకేం గావాలె వదినా?" అని మా అమ్మే అన్నది.

"టీ ఇంట్ల పెడుతనే ఉన్న గదా. ఆడ నేను నేర్సిన పని గావాలె" అన్నది పెద్దమ్మ.

ఫిట్టర్ పరీక్షకు పేరిచ్చింది. పిలుపు రాలేదు. అడగబోతే ఇంజనీరు మర్యాదగానే చెప్పాడట, వర్క్‌షాపులో ఆడవాళ్లకు బాత్రూం లేదని. ఆ సాయంత్రం మా మెట్ల మీద కూర్చుంది. "చట్టం ఏమంటదో చూడు బిడ్డా."

అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. వెతికి చదివి వినిపించాను. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడే కాదు, ట్రైనింగులో, ప్రమోషన్‌లో కూడా ఆడా మగా తేడా చూపకూడదని ఉంది. మళ్లీ చదవమంది. తరువాత నన్ను వెంటబెట్టుకుని లేబర్ ఆఫీసుకు వెళ్లింది. అక్కడ ఆఫీసరు ముందు చదువుతూ మధ్యలో ఆగిపోయాను. "మెల్లగ చదివితే ఏం గాదు. ఆపకు" అన్నది.

"బాయిలకు ఆడోళ్లను పంపాలంటే సవాలక్ష రూల్సున్నయమ్మా" అన్నాడు కంపెనీ తరఫున అక్కడికి వచ్చిన ఇంజనీరు.

"వర్క్‌షాపు భూమ్మీదనే ఉంది గద సార్."

"మరి బాత్రూం?"

"లేకపోతే కట్టియ్యున్రి. అది లేదని పని ఇయ్యకపోతే, రేపు కుర్సీ లేదని జీతం గూడ ఆపుతరా?"

లేబర్ ఆఫీసరు నవ్వి, ఆమెను పరీక్షకు పిలవమని కంపెనీకి రాశాడు. కానీ పిలుపు రావడానికి నెలలు పట్టింది. ఈలోగా టీ పెట్టనన్నందుకు మెమో ఇచ్చారు. అమ్మ భయపడి వదిలెయ్యమంది. పెద్దమ్మ ఒకటే మాట అన్నది: "పరీక్ష ఫెయిలైతే నా తప్పు. పిలువకపోతే వాళ్ల తప్పు."

పరీక్ష పాసైంది. మొదటి రోజే ఒకాయన, "ఏం వదినా, పానా పడితే గాజులు పగులవా?" అన్నాడట.

"పగిలితే కొత్తయి ఏసుకుంట. నీ పరువు పగిలితే ఏం ఏసుకుంటవ్ మరిదీ?"

బాత్రూం కట్టారు. ఆమె వెనక ఇంకొందరు ఆడవాళ్లు వర్క్‌షాపులో అడుగుపెట్టారు.

ఈ మధ్య నా ఉద్యోగం ఇంటర్వ్యూలో పెళ్లెప్పుడని అడిగారు. "మగవాళ్లను కూడా అడుగుతున్నారా సార్?" అన్నాను. మెల్లగానే, కానీ ఆపకుండా. ఆ సంగతి చెబితే పెద్దమ్మ చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

సమాధి దగ్గర ప్రార్థన అవుతుండగా వర్క్‌షాపులో మొదటి షిఫ్టు దిగిన ఆడవాళ్లు పని బట్టలతోనే వచ్చారు. చేతులు కడుక్కునే తీరిక దొరకలేదు కాబోలు. వరుసగా వంగి, తలా పిడికెడు మట్టి తీసుకున్నారు. ఎర్రమట్టి జారిపోయాక కూడా వాళ్ల వేళ్లకు గ్రీజు నల్లగా మెరుస్తూనే ఉంది.