మోరుప్ ఓడిన గుమ్మం

పాటలో మోరుప్‌ను ఓడించే మగాడు జన్స్కార్ లోయలో ఇంకా పుట్టలేదని అనేవారు. అనేవారేమిటి, ఆ మాట పదిమందికీ చెప్పుకు తిరిగింది అతనే. మిగతా విషయాల్లో మనిషి సామాన్యుడు. రెండు చెక్కల బార్లీ చేను, నాలుగు మేకలు, వేసవిలో ఊరి జడలబర్రెల కాపలా, అంతే అతని ఐశ్వర్యం. చలికాలం వచ్చి పెళ్లిళ్లు మొదలయ్యాయంటే మాత్రం అతన్ని పట్టడానికి పగ్గాలుండవు. పెళ్లికూతురిని తీసుకురావడానికి మగపెళ్లివారి తరఫున వెళ్లే గుంపుకు పెద్దగా అతనే ఉండాలి. అక్కడ ఆడపెళ్లివారు గుమ్మం ముందు రాళ్లు పేర్చి, కర్రలు పట్టుకుని, పాటలో ప్రశ్నలు వేస్తారు. పాటలోనే జవాబు చెప్పాలి. చెప్పేదాకా ఆ రాళ్లు కదలవు, ఎముకలు కొరికే చలైనా సరే.

ఆ ఏడు అన్నకొడుకు తార్చిన్ పెళ్లి. ముహూర్తం పెట్టిన జోస్యుడు తెగేసి చెప్పాడు: కొత్త సంవత్సరం వచ్చిందంటే పెళ్లికూతురికి గండాల ఏడాది, ఆ తర్వాత ఎప్పటికో గాని మంచిరోజు లేదు. అన్న పోయిన ఇల్లు. వదిన చోరోల్ ఒక్కతే ఆ పెళ్లిని నెత్తిన వేసుకుంది. వేసుకున్న మర్నాటినుంచి మంచు మొదలైంది, పట్టిన పట్టు విడవలేదు.

చలికి ఛాంగ్, అదే బార్లీ కల్లు, పులియడం మానేసింది. ఛాంగ్ లేకుండా పెళ్లేమిటి? చోరోల్ ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తీసి కుండలకు చుట్టబెట్టి, మనుషుల్ని పొయ్యి చుట్టూ ముడుచుకుని పడుకోమంది.

"వదినా, నన్ను కూడా ఓ కుండలో పడెయ్యరాదూ, వెచ్చగా ఉంటాను," అన్నాడు పల్దన్.

"నిన్ను పడేస్తే పులుస్తావుగాని తాగడానికి పనికి రావు, పో."

పల్దన్ మోరుప్‌కు తమ్ముడు. తల్లి పోయాక మోరుప్ వీపున కట్టుకుని పెంచిన పిల్లాడు. ఇప్పుడు వాడికీ పెళ్లాం, పిల్లలూ ఉన్నారు. గొంతు పెద్ద గొప్పదేం కాదుగాని అన్న పాట ఎత్తుకుంటే వెనకపాట అందుకోవడానికి వాడే ఉండాలి. ఆసారి రానన్నాడు. మూడు రోజులుగా దగ్గు.

"నువ్వు లేకపోతే నా పాట కుంటుతుందిరా," అన్నాడు మోరుప్.

"మంచు చూడన్నా. కొండ మీద ఎంత పేరుకుందో చూడు."

"చూశాలే. ముసలమ్మలా మాట్లాడకు, బూట్లు తొడుక్కో."

తొడుక్కున్నాడు. అన్న మాట ఎప్పుడు కాదన్నాడు గనక?

ఐదుగురు బయల్దేరారు. జరీ అంగీలు, ఎత్తు టోపీలు, మోరుప్ చేతిలో రంగు గుడ్డలు కట్టిన పెళ్లిబాణం. కొండవాలు దారి మీద మంచుచరియ పడి ఉంది. వెనక్కి పోతే పెళ్లి లేదు. ఏటి మీద గడ్డకట్టిన మంచు మీదుగా పోదామన్నది మోరుపే. పెళ్లికూతురి ఊరు కనుచూపు మేరలోకి వచ్చేసింది, పొగ కూడా కనిపిస్తోంది. అప్పుడు పల్దన్ కాళ్ల కింద మంచు ఫెళ్లున విరిగింది. నడుందాకా నీళ్లలో దిగిపోయాడు.

లాగారు. తడి బట్టలు విప్పుదామంటే మార్చడానికి ఏమున్నాయి? చూస్తుండగానే అంగీ అంచులు కట్టెల్లా బిగుసుకున్నాయి. చెరో రెక్కా పట్టుకుని ఊరిదాకా దాదాపు మోసుకొచ్చారు. "వచ్చేశాం రా, ఇదిగో వచ్చేశాం" అని మోరుప్ దారంతా అంటూనే ఉన్నాడు.

వచ్చేశారు. గుమ్మం ముందు రాళ్లు పేర్చి ఉన్నాయి.

రాళ్ల అవతల రబ్‌గైస్ నిలబడి ఉన్నాడు. పెళ్లికూతురికి మేనమామ, మోరుప్ పేరు చెబితే పళ్లు నూరే మనిషి. నూరడా మరి? ఒకసారి ఇతను మోరుప్ ఊరికి పెళ్లికూతురి కోసం వస్తే, మోరుప్ ఎవరూ వినని ప్రశ్న ఒకటి వేసి చుక్కలు పొడిచేదాకా బయట నిలబెట్టాడు. ఇంకోసారి ఇదే గుమ్మంలో పల్దన్ చేత జబ్బు నాటకం ఆడించాడు. పల్దన్ దబ్బున పడ్డాడు. రబ్‌గైస్ గాభరాపడి ప్రశ్నలన్నీ వదిలేసి వాణ్ణి తన వీపు మీద లోపలికి మోసుకెళ్లాడు. లోపలికి వెళ్లగానే వాడు గెంతి దిగి ఛాంగ్ పొయ్యమని చిందులేశాడు. ఆ కథ చెప్పుకుని లోయంతా ఏళ్ల తరబడి నవ్వింది.

"రబ్‌గైస్ మావా," అన్నాడు మోరుప్, "మావాడు ఏట్లో తడిశాడు. ముందు వాణ్ణి లోపలికి తీసుకో. నేనిక్కడే నిలబడి నువ్వడిగినవన్నీ పాడతాను."

గుమ్మం దగ్గర జనం పగలబడి నవ్వారు.

"మళ్లీ అదే నాటకమా? కొత్తది కట్టుకోలేకపోయావా?" అన్నాడు రబ్‌గైస్. "వాడి బరువుకి ఆనాడే నా నడుం విరిగింది. ఈసారి నడిచి రమ్మను."

పిల్ల కోసం వచ్చిన గుంపు ఈ గడప దాటేదాకా ఊళ్లో వేరే గడప తొక్కకూడదు. పెళ్లి గుమ్మంలో చెడ్డమాట అనకూడదు. చావన్న మాట, ఏడుపన్న మాట నోట వచ్చిందా, ఆ పిల్ల ఆ రోజు గడప దాటదు. ఈ రోజు దాటకపోతే ఇక దాటేది లేదు. ఉన్నమాట చెప్పడానికి మోరుప్‌కు నోరు లేకుండా పోయింది. కళ్లతో చూపించాడు, చేతులతో చూపించాడు. మంచు అందరి అంగీల మీదా ఉంది, ఎంత చూపిస్తే అంత నవ్వారు. బాగా చేస్తున్నాడని మెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు, ఏం జనమో.

పాడటం మొదలుపెట్టాడు. దవడ బిగుసుకుపోయి మాట ముద్దముద్దగా వస్తోంది. బాణం గురించి అడిగారు, చెప్పాడు. ఇంటి మూలస్తంభం గురించి అడిగారు, చెప్పాడు. వెనకపాట అందుకునే గొంతు లేదు. చీకటి పడుతోంది. పల్దన్‌కు వణుకు ఆగిపోయింది.

"అన్నా, ఉక్కపోస్తోంది," అన్నాడు పల్దన్ నెమ్మదిగా, అంగీ ముడి విప్పుకోబోతూ.

మోరుప్ ఆ చేతులు పట్టి ఆపాడు. చలిలో మనిషికి ఉక్కపోసిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టేనని ఆ లోయలో చంటిపిల్లకు కూడా తెలుసు. గాలి హోరులో ఆ మాట రాళ్ల అవతలికి వినపడలేదు.

"చివరి ప్రశ్న," అన్నాడు రబ్‌గైస్ తీరిగ్గా. "నీదే. ఆనాడు నన్ను నిలబెట్టావు చూడు, అదే." గొంతు సవరించుకుని పాడాడు: "లోకంలో మొట్టమొదటి గుమ్మాన్ని మూసిందెవరు? తెరిచిందెవరు?" పాట ఆపి, "నువ్వు వేసిన ముడి నువ్వే విప్పు, విందాం," అన్నాడు.

మోరుప్ నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ఏదో ఒకటి కడదామని వెతుక్కున్నాడు, మాట మీద మాట నిలవలేదు. వెనక పల్దన్ తల ఒక పక్కకు వాలిపోయింది.

మోరుప్ టోపీ తీశాడు. గుంపు పెద్ద టోపీ తీసి రాళ్ల మీద పెట్టాడంటే ఓడినట్టు. ఇక ఈ జన్మలో ఏ గుంపుకూ ముందు నడవడు. మంచు పడుతున్న వట్టి తలతో మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నాకు రాదు మావా," అన్నాడు. "ఓడిపోయాను."

ఒకరిద్దరు కేరింతలు కొట్టబోయి ఆగారు. రబ్‌గైస్ నవ్వలేదు. మోరుప్ ఎలాంటివాడో అతనికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఛాంగ్ కోసమో వేడన్నం కోసమో ఆ మనిషి ఓడిపోయాననడు. టోపీ వంక చూశాడు, పల్దన్ వంక చూశాడు. మరుక్షణం రాళ్లను కాలితో తన్నేశాడు. పల్దన్‌ను వీపు మీద వేసుకుని లోపలికి పరిగెత్తాడు.

లోపల డోళ్లు మోగుతున్నాయి. ఆపడానికి వీల్లేదు, పెళ్లి. వంటగది మూలన రబ్‌గైస్ పల్దన్ బూట్లు కోసి తీసి, తన అంగీ విప్పి, మంచుగడ్డల్లాంటి ఆ పాదాల్లో ఒకదాన్ని తన పొట్టకు ఆనించి అంగీ మూసుకున్నాడు. చలికి అతని ముఖం నల్లబడింది. పెద్దవరుసలో కూర్చోమని మోరుప్‌ను పిలుస్తున్నారు. వెళ్లి కూర్చున్నాడు, చేతికిచ్చింది తాగాడు, నవ్వమన్నప్పుడు నవ్వాడు. సందు దొరగ్గానే మూలకు వచ్చి చతికిలపడ్డాడు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు రబ్‌గైస్. "ఆ పాటకు జవాబేంటి? ఎన్నాళ్లు తల బద్దలు కొట్టుకున్నానో నీకేం తెలుసు."

మోరుప్ తమ్ముడి చెంప తడిమి చూశాడు.

"జవాబు లేదు మావా. నిన్ను ఓడించాలని ఊరికే కట్టాను. ఆనాడూ లేదు, ఈనాడూ లేదు."

రబ్‌గైస్ తలెత్తి చూశాడు. అంగీ విప్పి పల్దన్‌ను అవతలికి తోసేసినా తప్పుపట్టే హక్కు మోరుప్‌కు లేదు.

"ఆ రెండో కాలు కూడా ఇటు పెట్టు," అన్నాడు రబ్‌గైస్.

తెల్లారి పెళ్లికూతురు స్పల్జెస్ గుర్రమెక్కింది. పల్దన్ ఇంకా కళ్లు తెరవలేదు. తమ్ముడి దగ్గర ఉండిపోతానని మోరుప్ బతిమాలుకున్నాడు. బాణం పట్టుకొచ్చినవాడే బాణంతో తిరిగి వెళ్లాలి, వేరే దారి లేదు. "నేను చూసుకుంటా, నడువు," అన్నాడు రబ్‌గైస్. పల్దన్ బతికాడు. ఎడమకాలి వేళ్లు దక్కలేదు, మనిషి దక్కాడు. ఆ కబురు మోరుప్‌కు అందింది మాత్రం చాలా రోజుల తర్వాత, దారులు తెరుచుకున్నాక. ఆ రోజు ఏమీ తెలియదు. దారి పొడవునా ఏడవకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు.

చోరోల్ గుమ్మంలో పాలగిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ముఖం వెలిగిపోతోంది. ముహూర్తం తప్పలేదు, ఛాంగ్ పులిసింది, కోడలు వచ్చింది. గుంపును కళ్లతోనే లెక్కపెట్టుకుంది.

"మరిదీ, పల్దన్ ఏడీ?"

"వెచ్చగా ఉన్నాడు వదినా," అన్నాడు మోరుప్.

"ఏ కుండలో?" అని నవ్వింది చోరోల్.

అప్పుడు అతని వల్ల కాలేదు. పెళ్లిగడపలో ఏడవకూడదని తెలిసీ భోరుమన్నాడు. చోరోల్ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఏమైందని అడగలేదు. కోడలు చూడకుండా తన శాలువా చెంగుతో మరిది ముఖం కప్పి, చేతిలో పాలు తొణుకుతుంటే అతని చెవి దగ్గర, "పాట అందుకో నాయనా, పిల్ల గుర్రం దిగుతోంది," అంది.

శాలువా కిందనుంచే అందుకున్నాడు. వెనకపాట చోరోల్ పాడింది.